పికప్ ముందు చక్రాల అలైన్‌మెంట్ డైరీ: క్యామ్ బోల్టు తిరిగినా క్యాస్టర్ మారలేదు

రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. రెండుసార్లూ చేతికొచ్చిన ప్రింటు ఒక్కటే: టో గడులు పచ్చగా, క్యాంబర్, క్యాస్టర్ గడులు ఎర్రగా. (టో అంటే పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, లోపలికైతే టో ఇన్. క్యాంబర్ అంటే చక్రం పైభాగం బయటికి, అంటే ప్లస్, లేదా లోపలికి, అంటే మైనస్, వాలిన కోణం. క్యాస్టర్ అంటే పక్క నుంచి చూస్తే, స్టీరింగ్‌కి చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం.) కింద పెన్నుతో "అడ్జస్టర్లు పట్టేశాయి" అని రాసి ఉంది. టో ఒక్కటే సరిచేస్తే ఈ బండి నేరుగా పోదు, టైరు అరగడమూ ఆగదు. అందుకే పని నేనే మొదలుపెట్టాను. ఇదే పని చేయబోయేవాళ్లకి నా కొలతలూ, నేను చేసిన తప్పులూ పనికొస్తాయని అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

బండి: ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైన అప్పర్ ఆర్మ్, కింద లోయర్ ఆర్మ్), కాయిల్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉన్నది). వెనక లీఫ్ స్ప్రింగులు. లోయర్ ఆర్మ్‌కి ముందొకటి, వెనకొకటి క్యామ్ బోల్టులు, తిప్పితే ఆర్మ్ లోపలికీ బయటికీ జరుగుతుంది. ప్రింటు మీద రాసిన అడ్జస్టర్లు ఇవే. టైర్లు 245/70 ఆర్16. పాత ఓనర్ స్ట్రట్‌ల నెత్తిన 20 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయించి ముందు భాగం ఎత్తు పెంచాడు. ఈ స్పేసర్ల సంగతి మొదట్లో నేను పట్టించుకోలేదు. దానికి తర్వాత ఒక రోజంతా పోయింది.

లక్షణాలు: బండి ఎడమకి లాగుతోంది, బ్రేక్ వేస్తే ఇంకా ఎక్కువ. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ 10 డిగ్రీలు కుడికి వంకరగా ఉంటోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు. ఎడమ ముందు టైరు బయటి అంచు అరిగిపోయింది.

దశ 1: ముందు లూజు వెతకడం

లూజుగా ఉన్న భాగాల మీద తీసుకున్న కొలత మళ్లీ తీసుకుంటే మారిపోతుంది. అందుకని గేజ్ ముట్టుకోకముందే ఇవి చేశాను.

1. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాను. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కింద దూరకండి.
2. స్ట్రట్ భారమంతా లోయర్ ఆర్మ్ మీదే ఉంటుంది. కాబట్టి బాల్ జాయింట్ (ఆర్మ్ చివర, చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) ఆట, అంటే లూజు, తెలియాలంటే జాకీని లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి దగ్గరగా పెట్టి ఎత్తాలి.
3. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ లూజు తెలుస్తుంది. పక్కలకి పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లూజు తెలుస్తుంది.
4. తర్వాత బండిని నేల మీదికి దించి, తమ్ముణ్ణి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమని, కింద ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూశాను.

దొరికినవి రెండు. ఎడమ టై రాడ్ ఎండ్‌లో ఆట ఉంది, రిమ్ అంచు దగ్గర కొలిస్తే 1.5 మిల్లీమీటర్లు. రెండోది అసలు దొంగ: ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్, అంటే ఆర్మ్ ఛాసిస్‌కి కలిసే చోట, లోపలి, బయటి లోహపు స్లీవ్‌ల మధ్య రబ్బరు ఉన్న భాగం. మామూలుగా చూస్తే బాగానే కనిపించింది. ఆర్మ్‌కీ ఛాసిస్ బ్రాకెట్‌కీ మధ్య ప్రై బార్ పెట్టి వెనక్కి ఒత్తితే రబ్బరు సగం చుట్టూ నోరు తెరుచుకుంది. లోపలి చీలిక తుప్పు రంగులో, పొడిపొడిగా ఉంది. అంటే చాలాకాలంగా చిరిగే ఉంది. ఈ బుష్ పోతే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, కింది బాల్ జాయింట్ కూడా దాంతో పాటే జరుగుతుంది, క్యాస్టర్ పడిపోతుంది. బ్రేక్ వేసినప్పుడు లాగుడు పెరగడం కూడా దీనికి సరిపోయింది.

ఇప్పటిదాకా: 3 గంటలు. మార్చాల్సినవి: 1 టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు. ఒకటి చిరిగితే మిగతా మూడూ అదే వయసువి కాబట్టి నాలుగూ తెప్పించాను.

దశ 2: కొలిచే ఏర్పాటు

పనిముట్లు: డిజిటల్ యాంగిల్ గేజ్, రెండు రిమ్ అంచులకీ ఆనే అల్యూమినియం పట్టీ, నైలాన్ దారం, నాలుగు స్టాండ్లు, స్టీలు స్కేలు, నీళ్లు నింపిన సన్నటి పారదర్శక పైపు.

మొదట పైపుతో నాలుగు చక్రాల కింద నేల మట్టం చూశాను. ఎడమ వైపు నేల, ముందూ వెనకా రెండు చోట్లా, 7 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. ఏమంత తేడా అనిపిస్తుంది గానీ, చక్రాల మధ్య దూరం 1,560 మిల్లీమీటర్లు అయినప్పుడు అది 0.26 డిగ్రీల వాలు. ఎడమ క్యాంబర్ అంత ఎక్కువగానూ, కుడి క్యాంబర్ అంత తక్కువగానూ చూపిస్తుంది. ఎడమ టైర్లు రెండింటి కిందా 7 మిల్లీమీటర్ల పలకలు పెట్టి సరిచేశాను.

ముందు టైర్ల కింద రెండేసి నున్నటి రేకులు, మధ్యలో గ్రీజు. ఇవి లేకపోతే టైరు నేలని పట్టుకుని ఉంటుంది, కింద క్యామ్ తిప్పినా చక్రం పూర్తిగా కదలదు. జాకీ దించిన ప్రతిసారీ బంపర్ పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా కిందికి నొక్కాను, సస్పెన్షన్ తన ఎత్తుకి తాను సర్దుకోవాలి కదా.

టో కోసం రెండు వైపులా హబ్ ఎత్తులో దారం కట్టాను. ముందు ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం), వెనక ట్రాక్ ఒకటి కావు కాబట్టి దారం అన్ని హబ్‌లకీ ఒకే దూరంలో ఉండక్కర్లేదు. ముందు ఎడమ హబ్ దూరం ముందు కుడి దూరంతో, వెనక ఎడమ దూరం వెనక కుడి దూరంతో సమానమైతే చాలు.

ఇక్కడ ఒక తప్పు చేశాను. రిమ్ ముందు అంచు నుంచి దారానికీ, వెనక అంచు నుంచి దారానికీ తేడా చూసి, ఆ అంకెని మాన్యువల్‌లోని మిల్లీమీటర్లతో నేరుగా పోల్చాను. మాన్యువల్ చెప్పేది టైరు వ్యాసం మీద, అంటే 749 మిల్లీమీటర్ల మీద. నేను కొలిచింది 440 మిల్లీమీటర్ల రిమ్ మీద. రిమ్ అంకెని 1.7తో గుణిస్తేనే పోల్చడానికి వస్తుంది.

క్యాస్టర్‌ని నేరుగా కొలవలేం. చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి తిప్పి ఒకసారి, 20 డిగ్రీలు లోపలికి తిప్పి ఒకసారి క్యాంబర్ చూడాలి. ఆ రెండింటి తేడాని 1.46తో గుణిస్తే క్యాస్టర్. ఈ కొలత తీసుకునేటప్పుడు బ్రేక్ పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర బిగించి పెట్టాను, చక్రం దొర్లితే అంకె తప్పుతుంది.

నా బండి మాన్యువల్ కోరేది: క్యాంబర్ 0 ± 0.75 డిగ్రీలు, క్యాస్టర్ 3.0 ± 0.75 డిగ్రీలు, మొత్తం టో ఇన్ 0 నుంచి 2 మిల్లీమీటర్లు. మీ బండివి వేరుగా ఉంటాయి, మీ మాన్యువల్ చూసుకోండి.

మొదటి కొలతలు:
ఎడమ: క్యాంబర్ +0.9, క్యాస్టర్ 1.1
కుడి: క్యాంబర్ +0.3, క్యాస్టర్ 2.2
మొత్తం టో ఇన్: 1.0 మిల్లీమీటర్
హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకి ఎత్తు: ఎడమ 541, కుడి 543 మిల్లీమీటర్లు

బండి ఎప్పుడూ క్యాస్టర్ తక్కువగా ఉన్న వైపుకి, క్యాంబర్ ఎక్కువ ప్లస్‌లో ఉన్న వైపుకి లాగుతుంది. ఇక్కడ రెండూ ఎడమవైపే ఉన్నాయి. టో మాత్రం మొదటి నుంచీ సరిగానే ఉంది.

ఇప్పటిదాకా: 7 గంటలు.

దశ 3: పట్టేసిన క్యామ్ బోల్టులు

నాలుగు బోల్టుల్లో ముందువి రెండూ తిరిగాయి. వెనకవి రెండూ తిరగలేదు. అంతకంటే సరిగ్గా చెప్పాలంటే, తిరిగినట్టు కనిపించాయి.

నట్టు ఊడింది. బోల్టు తలకి పొడవాటి రాడ్ వేసి లాగితే క్యామ్ మీది గీత రెండు గడులు జరిగింది. తమ్ముడు కింద నుంచి చూస్తూ, "అన్నా, తిరుగుతోంది కానీ నువ్వు వదిలితే మళ్లీ వెనక్కి వచ్చేస్తోంది" అన్నాడు. రాడ్ వదిలి నేనూ వంగి చూశాను. గీత మెల్లగా, రబ్బరు సాగి వెనక్కి వచ్చినట్టు, పాత చోటికే వచ్చి ఆగింది. బోల్టు బుష్ లోపలి స్లీవ్‌కి తుప్పుతో అతుక్కుపోయింది. మనం తిప్పుతున్నది బోల్టుని కాదు, రబ్బరుని మెలిపెడుతున్నాం. నట్టు బిగించేస్తే ఆ రోజుకి సెట్టింగ్ నిలిచినట్టే ఉంటుంది, తర్వాత మెలి విడుతుంది, లేదంటే రబ్బరు చిరుగుతుంది. ఎడమ వెనక బుష్ అలా చిరిగిందేనని నా అనుమానం.

ఏమేం ప్రయత్నించాను:

1. తుప్పు వదిలించే ఆయిల్, మూడు రోజులు, రోజుకి రెండుసార్లు. ఫలితం లేదు. స్లీవ్ పొడవునా పట్టేసిన చోటికి ఆయిల్ వెళ్లదు.
2. నట్టుని బోల్టు చివరికంటా ఎక్కించి సుత్తితో కొట్టడం. బోల్టు చివర పుట్టగొడుగులా విచ్చుకుంది, అంతే.
3. వేడి చేయడం మానేశాను. రబ్బరు అంటుకుంటుంది, ఆ పక్కనే బ్రేక్ పైపు ఉంది.
4. కోయడం. చివరికి ఇదే దారి.

బుష్ స్లీవ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది. బ్లేడు ఆ సందులోంచే పోవాలి. ఒక్కో బోల్టుకి రెండు కోతలు, మొత్తం నాలుగు. మొదటి కోత గ్రైండర్‌తో మొదలుపెట్టాను, అది పొరపాటు. డిస్క్ జారి, క్యామ్ ప్లేట్ ఆనే బ్రాకెట్ చెవి మీద 2 మిల్లీమీటర్ల గాటు పెట్టింది. క్యామ్ ఆ చెవుల మధ్యే కదులుతుంది కాబట్టి అవి పాడైతే ఛాసిస్‌కి వెల్డింగ్ పని పడుతుంది. గాటు అంచుని ఆకురాయితో నున్నగా చేసి, మిగతా కోతలన్నీ ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపంతో చేశాను. గట్టి లోహం కోసే కార్బైడ్ బ్లేడ్లు వాడి, రంపం వేగం తగ్గించి, ప్రతి రెండు నిమిషాలకీ ఆయిల్ చుక్క వేశాను. ఒక్కో కోతకి దాదాపు 50 నిమిషాలు. మొత్తం 5 బ్లేడ్లు అయ్యాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. ఆర్మ్ విడిపించగానే నకిల్ (చక్రం హబ్‌ని మోసే భాగం) బయటికి వాలింది, దాంతో పాటు డ్రైవ్ షాఫ్ట్ కూడా లాగబడి లోపలి జాయింట్ తన కప్పులోంచి జారింది. జాయింట్‌ని కప్పే రబ్బరు తొడుగు, అంటే బూటు, దాని క్లిప్ ఊడి గ్రీజు కారింది. జాయింట్ మళ్లీ కూర్చోబెట్టి, గ్రీజు నింపి, కొత్త క్లిప్ వేయడానికి గంటన్నర. కుడి వైపు చేసేటప్పుడు ముందే నకిల్‌ని అప్పర్ ఆర్మ్‌కి తీగతో కట్టేశాను, ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పటిదాకా: 18 గంటలు. కోసిన బోల్టులు 2, బ్లేడ్లు 5, బూటు క్లిప్ 1.

దశ 4: బుష్‌లు

మొదటి కొత్త బుష్‌ని పాడుచేశాను. ప్రెస్‌లో పెట్టి లోపలి స్లీవ్ మీద ఒత్తాను. బయటి స్లీవ్ ఆర్మ్‌లోకి దిగలేదు, లోపలిది మాత్రం రబ్బరుని చీల్చుకుని దిగిపోయింది. ఒత్తిడి ఎప్పుడూ బయటి స్లీవ్ అంచు మీదే పడాలి. అదే వ్యాసం ఉన్న పైపు ముక్క ఒకటి కోసుకుని పెట్టుకుంటే దాని బదులు తెప్పించిన దానితో కలిపి నాలుగూ సాఫీగా ఎక్కాయి. బుష్ మీద బాణం గుర్తు ఉంటే అది ఏ వైపుకి ఉండాలో పాతది తీసేముందే ఫోటో తీసుకోండి.

కొత్త క్యామ్ బోల్టులు నాలుగింటికీ, ముఖ్యంగా స్లీవ్ లోపల ఉండే నున్నటి భాగానికి, యాంటీ సీజ్ పేస్ట్ (మళ్లీ తుప్పుతో అతుక్కోకుండా ఆపేది) పూశాను. మర మీద పూయలేదు, మర మీద పేస్ట్ ఉంటే టార్క్ రెంచ్ అంకెకి మించి బోల్టు బిగుసుకుంటుంది.

తర్వాతి తప్పు ఎడమ వైపు. చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు 135 న్యూటన్ మీటర్లకి బిగించేశాను. బండి దించి చూస్తే ఎడమ ఎత్తు 552, కుడి 543. ఈ రకం బుష్‌లో రబ్బరు రెండు స్లీవ్‌లకీ అతికి ఉంటుంది. వేలాడే చోట బిగిస్తే అదే దాని విశ్రాంతి స్థానం అయిపోతుంది, బండి బరువు పడినప్పుడు రబ్బరు మెలితిరిగి ఆర్మ్‌ని కిందికి నెడుతుంది, బండి ఎత్తుగా నిలుస్తుంది. అలాగే నడిపితే కొత్త బుష్ కూడా త్వరలోనే చిరిగిపోతుంది. నేల మీద ఉంచే బోల్టులు వదులు చేసి, బంపర్ నొక్కి వదిలితే ఎడమ ఎత్తు మళ్లీ 541కి వచ్చింది. ఆఖరి బిగింపు అక్కడే చేశాను.

టై రాడ్ ఎండ్ మార్చడం మామూలు పనే. పుల్లర్‌తో విడదీసి, కొత్తది వేసి, కొత్త స్ప్లిట్ పిన్ పెట్టాను.

ఇప్పటిదాకా: 24 గంటలు. బుష్‌లు 4, వృథా అయినది 1, టై రాడ్ ఎండ్ 1.

దశ 5: మొదటి అలైన్‌మెంట్, క్యాస్టర్ చాల్లేదు

క్యామ్‌లు ఏ వైపు తిప్పితే ఏం మారుతుందో ముందే కాగితం మీద రాసుకున్నాను. కింద పడుకున్నాక కుడి ఎడమలు తారుమారు అవుతాయి.

1. రెండు క్యామ్‌లతో ఆర్మ్‌ని లోపలికి జరిపితే క్యాంబర్ ప్లస్ వైపు, బయటికి జరిపితే మైనస్ వైపు.
2. ముందు క్యామ్ లోపలికి, వెనకది బయటికి జరిపితే కింది బాల్ జాయింట్ ముందుకి వస్తుంది, క్యాస్టర్ పెరుగుతుంది.
3. నా బండిలో రెండూ ఒకే వైపు ఒక్కో గీత జరిపితే క్యాంబర్ 0.2 డిగ్రీలు, ఎదురెదురుగా ఒక్కో గీత జరిపితే క్యాస్టర్ 0.4 డిగ్రీలు మారింది.

క్యాంబర్‌ని సున్నాకి తెచ్చి, క్యాస్టర్‌ని వీలైనంత పెంచాను. ఎడమ 2.0, కుడి 2.1 దగ్గర క్యామ్‌లు అయిపోయాయి. మాన్యువల్ కనీసం 2.25 కోరుతుంది. పక్కల మధ్య తేడా పోయింది కాబట్టి లాగుడు బాగా తగ్గింది, కానీ స్టీరింగ్ వెనక్కి రావడం ఇంకా బద్ధకంగానే ఉంది.

కారణం ఆ స్పేసర్లే. ముందు భాగం లేపితే ఆర్మ్‌లు కిందికి వాలతాయి, క్యాస్టర్ తగ్గుతుంది. మొదటి రోజే మడ్‌గార్డ్ ఎత్తు కొలిచి రాసుకున్నాను గానీ, ఆ ఎత్తు ఉంచాలా తగ్గించాలా అన్నది అప్పుడే తేల్చుకోలేదు. ఎత్తు నిర్ణయం అయ్యాకే అలైన్‌మెంట్ మొదలుపెట్టండి. ఎత్తు మారితే క్యాంబర్, క్యాస్టర్, టో మూడూ మారతాయి, చేసిన పనంతా మళ్లీ చేయాలి.

ఇప్పటిదాకా: 29 గంటలు. పూర్తి కొలతలు 2 సార్లు.

దశ 6: ఎత్తు తగ్గించి మళ్లీ

దారులు రెండు: కోణం మార్చి చేసిన అప్పర్ ఆర్మ్‌లు వేయడం, లేదా ఎత్తు తగ్గించడం. నేను ఎత్తు తగ్గించాను. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు కూడా ఎక్కువ వంపులో తిరుగుతున్నాయి, వాటికీ ఇదే మంచిది. 20 మిల్లీమీటర్ల స్పేసర్లు తీసి 10వి వేశాను. స్ట్రట్ చక్రానికంటే లోపలికి ఉంటుంది కాబట్టి స్పేసర్ మందానికి దాదాపు రెట్టింపు తేడా చక్రం దగ్గర వస్తుంది. ఎత్తు 20 మిల్లీమీటర్లు తగ్గి ఎడమ 521, కుడి 522 అయింది. స్పేసర్ స్ట్రట్ నెత్తిన ఉంటుంది కనుక స్ప్రింగ్ విప్పాల్సిన పని లేదు. స్ట్రట్ మధ్యలో ఉండే నట్టుని ముట్టుకోవద్దు, స్ప్రింగ్ ఒత్తిడిని పట్టి ఉంచేది అదే.

ఈసారి వరుస:

1. ఎత్తు చూసి, టైర్లలో గాలి సమానం చేశాను.
2. క్యాస్టర్, క్యాంబర్ కలిపి పెట్టాను. ఒకటి మారిస్తే రెండోది కదులుతుంది, మూడు నాలుగు సార్లు తిరగాల్సిందే.
3. బోల్టులు నేల మీదే బిగించి మళ్లీ కొలిచాను. బిగించేటప్పుడు క్యామ్ అర గీత జరిగింది, ఎడమ వైపు రెండుసార్లు సరిచేశాను.
4. చివరగా టో.

టో ముట్టుకునే ముందు స్టీరింగ్ మధ్యలో ఉందా చూశాను. టై రాడ్ మర బయటికి కనిపించే పొడవు ఎడమ 24, కుడి 27 మిల్లీమీటర్లు. పాత సెట్టింగ్‌లో ఒకవైపు రాడ్ మాత్రమే తిప్పారన్నమాట, వంకర స్టీరింగ్‌కి కారణం అదే. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి పళ్లు మార్చి పెట్టడం దీనికి పరిష్కారం కాదు, రాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లని పక్కలకి జరిపే భాగం) మధ్యలోకి రాదు. స్టీరింగ్ చక్రాన్ని నేరుగా కట్టేసి, రెండు రాడ్లూ విడివిడిగా దారంతో సరిచేశాను. పావు చుట్టుకి ఒక్కో చక్రం దగ్గర దాదాపు 1.9 మిల్లీమీటర్లు మారుతుంది, కాబట్టి చిన్నచిన్నగా తిప్పాలి. రాక్ బూటు క్లిప్ ముందే వదులు చేయండి, లేకపోతే రాడ్‌తో పాటు బూటు మెలిపడి చిరుగుతుంది.

ఫలితం:
ఎడమ: క్యాంబర్ -0.1, క్యాస్టర్ 2.7
కుడి: క్యాంబర్ 0.0, క్యాస్టర్ 2.9
మొత్తం టో ఇన్: రిమ్ మీద 0.7, టైరు లెక్కన 1.2 మిల్లీమీటర్లు
మర పొడవు: ఎడమ 25, కుడి 26 మిల్లీమీటర్లు

ముందు భాగం దిగింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా మళ్లీ సెట్ చేశాను.

ఇప్పటిదాకా: 36 గంటలు. పూర్తి కొలతలు 3 సార్లు.

దశ 7: రోడ్డు మీద

స్టీరింగ్ నేరుగా ఉంది. మలుపు తర్వాత చేతిలోంచి దానంతట అది జారుతూ వెనక్కి వస్తోంది. కానీ ఎడమకి కొంచెం లాగుడు ఇంకా మిగిలే ఉంది. అన్ని అంకెలూ సరిగా ఉండి ఇలా జరిగితే నిజంగానే టెన్షన్ వస్తుంది. మళ్లీ క్యామ్‌ల జోలికి పోవాలనిపించింది, పోలేదు.

మొదట బండి టూ వీల్ డ్రైవ్‌లో ఉందని నిర్ధారించుకున్నాను. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే ముందు వెనక యాక్సిల్‌లు ఒకదానితో ఒకటి పెనుగులాడి, స్టీరింగ్ బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. రోడ్లు అంచులకి వాలుగా ఉంటాయి కాబట్టి చదునైన చోట, రెండు దిక్కుల్లోనూ నడిపి చూశాను. రెండు వైపులా ఎడమకే.

అప్పుడు ముందు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చాను. బండి కుడికి లాగడం మొదలుపెట్టింది. అంటే లాగుతున్నది టైరే, సస్పెన్షన్ కాదు. ఆ జతని వెనక్కి వేసి, వెనక జతని ముందుకి తెచ్చాను. లాగుడు పోయింది. ఒకే దిశలో తిరిగేలా బాణం గుర్తున్న టైర్లయితే ఇలా పక్కలు మార్చకూడదు, రిమ్ మీంచి విప్పి తిప్పి వేయాలి. ఈ పరీక్ష పావు గంట పని. క్యామ్‌లతో ఆ లాగుడుని తీసేయాలని చూసి ఉంటే, సరిగ్గా ఉన్న సెట్టింగ్ పాడయ్యేది.

ఇప్పటిదాకా: 39 గంటలు.

దశ 8: 1,000 కిలోమీటర్ల తర్వాత

కొత్త బుష్‌లు సర్దుకుని ఉంటాయని మళ్లీ అదే నేల మీద, అవే పలకలు పెట్టి కొలిచాను. క్యాంబర్ రెండు వైపులా మారలేదు. ఎడమ క్యాస్టర్ 2.7 నుంచి 2.6కి వచ్చింది, కుడిది 2.9 దగ్గరే ఉంది. టో ఇన్ 1.0. క్యామ్ బోల్టుల తలల మీద, బ్రాకెట్ మీద కలిపి గీసిన తెల్ల పెయింటు గీతలు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి. టైరు మీద అరచేతిని లోపల్నుంచి బయటికీ, బయట్నుంచి లోపలికీ రాసి చూశాను, రెండు వైపులా ఒకేలా నున్నగా తగిలింది. అన్ని బోల్టులూ ఇంకోసారి టార్క్ చూశాను, ఏదీ కదల్లేదు.

ఒక్కటి మిగిలింది. డ్రైవ్ షాఫ్ట్ బూటుకి నేను వేసిన కొత్త క్లిప్ పక్కన సన్నగా గ్రీజు చెమ్మ కనిపిస్తోంది. తుడిచి, తేదీ రాసి పెట్టాను. వచ్చే వారం మళ్లీ చూసి, చెమ్మ కనబడితే బూటు మొత్తం మారుస్తాను.

మొత్తం: 41 గంటలు. బుష్‌లు 4, వృథా 1. క్యామ్ బోల్టులు 4, అందులో కోసి తీసినవి 2. టై రాడ్ ఎండ్ 1, బూటు క్లిప్ 1, స్పేసర్లు 2, బ్లేడ్లు 5. పూర్తి కొలతలు 4 సార్లు.